తెలియదనడానికి వీల్లేదు

అత్తగారు ఆ ఉత్తరాన్ని మూడోసారి చదివించుకుంది.

"ఆ చివరి ముక్క మళ్ళీ చదువమ్మాయ్," అంది.

చిన్నకోడలు చదివింది. సామాన్ల జాబితా చదివినట్టు, ఎక్కడా గొంతు పెంచకుండా తగ్గించకుండా చదివింది.

"సదరు విషయమున తమరు మూడు ధ్రువపత్రములు పొందియున్నందున, పరీక్షా ఫలితము రాకమునుపు పరికరములను బయటకు పంపరాదన్న నియమము తమకు తెలియదనుటకు వీలులేదు. విచారణ ముగియువరకు తమరిని విధుల నుండి తప్పించడమైనది. తమ వద్దనున్న తాళములను నేటి సాయంత్రములోగా అప్పగించి, రేపు ఉదయం పది గంటలకు కమిటీ ఎదుట హాజరు కావలెను."

"అంటే చదువుకోవడమే తప్పైందా వాడిది?"

"చదువుకున్నాడు కాబట్టి తెలిసే ఉండాలి అంటున్నారు అత్తయ్యా."

"చదువుకోకపోతే?"

"చదువుకోకపోతే తెలియక చేశాడనేవాళ్ళు."

అత్తగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట," అని గోడతో అన్నట్టు అంది.

చిన్నకోడలు ఉత్తరం మడిచింది. పాత మడతల మీదే మడిచింది. పన్ను పీకడానికి సూది వేశాక దవడ ఎలా ఉంటుందో, నిన్నటి నుంచి ఆమెకి ఒళ్ళంతా అలా ఉంది. కొరికినా తెలిసేటట్టు లేదు.

చిన్నాడు పెరటి మెట్టు మీద ఉన్నాడు. నిన్న మధ్యాహ్నం డ్యూటీ మధ్యలో ఆస్పత్రి వాళ్ళు ఇంటికి పంపేసినప్పటి నుంచీ అక్కడే కూర్చుంటున్నాడు. తిండికి లేస్తాడు, పడుకోవడానికి లేస్తాడు, మళ్ళీ వెళ్ళి అక్కడే కూర్చుంటాడు. పాప బడికి వెళ్తూ వెళ్తూ, "నాన్నకి సెలవా?" అని అడిగితే నాయనమ్మ, "ఊఁ," అంది.

పద్నాలుగేళ్ళుగా అతను ఆపరేషన్ పరికరాలు శుభ్రం చేసే గదిలో పని చేస్తున్నాడు. కత్తులు, కత్తెరలు, పట్టుకార్లు రక్తంతో కిందకొస్తాయి. కడిగి, లెక్క చూసి, పొట్లాలు కట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి పైకి పంపాలి. ఆ గదికి ఇన్‌ఛార్జి కావాలంటే ఆన్‌లైన్‌లో మూడు కోర్సులు పూర్తి చేసి సర్టిఫికెట్లు తేవాలని రెండేళ్ళ కిందట రూలు పెట్టారు. అతను తెచ్చాడు. ఇన్‌ఛార్జి అయ్యాడు. అయిన ఐదో నెలలో ఇది.

ఆ మూడు పరీక్షలూ రాసింది భార్య. ఆ సంగతి ఈ ఇంటి గోడలు దాటలేదు.

ఆమె టీ గ్లాసు తీసుకెళ్ళి మెట్టు మీద పెట్టింది.

"తాళాలు ఇచ్చి రావాలట," అంది.

"విన్నాను."

"సాయంత్రంలోగా."

"విన్నానన్నానుగా."

ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పక్కింటి వాళ్ళ బట్టలు తీగ మీద ఆరుతున్నాయి. ఒక చొక్కా చెయ్యి గాలికి లేచి మళ్ళీ పడింది.

"ఆ డ్రైవరుకి ఎలా ఉందట?" అంది.

"జ్వరం తగ్గలేదు. మళ్ళీ విప్పి చూడాలంటున్నారు." టీ వైపు చూడలేదు అతను. "చీము నా పెట్టె వల్లే పట్టిందో, ఇంకెందువల్ల పట్టిందో ఎవడూ చెప్పలేడు. చెప్పలేరు కాబట్టి నా వల్లే."

బస్సు నడిపే మనిషి. తొడ ఎముక విరిగితే ప్లేటు వేశారు. ఆ ప్లేటు, దాని మరలు ఉన్న పెట్టె యంత్రం నుంచి తీసీ తీయగానే పైకి పంపాడు చిన్నాడు. యంత్రంలో ఆ పెట్టెతో పాటు వేలెడంత సీసా ఒకటి పెడతారు. అందులో ఓ పట్టాన చావని సూక్ష్మజీవులుంటాయి. అవి చచ్చాయంటే మిగతావన్నీ చచ్చినట్టే. ఆ సీసాని ఒక రోజు వెచ్చగా ఉంచి చూస్తే, ఊదారంగు అలాగే ఉంటే మంచిది. పసుపైతే ఇంకా బతికున్నట్టు. మర్నాడు పొద్దున సీసా పసుపైంది. అది చూసి పైకెళ్ళి చెప్పింది కూడా చిన్నాడే. దాచాలని అతనికి తోచను కూడా లేదు. అప్పటికే ప్లేటు ఒంట్లో ఉంది.

"ఆ ప్రశ్న వచ్చిందా నీకు?" అన్నాడు ఉన్నట్టుండి.

ఏ ప్రశ్న అని ఆమె అడగలేదు.

"వచ్చింది. రెండో పరీక్షలో."

"ఏం పెట్టావు?"

"సరైనదే పెట్టాను."

నిన్నటి నుంచి మొదటిసారి అతను తల తిప్పి ఆమె ముఖంలోకి చూశాడు.

"అంటే ఒంట్లో ఉండిపోయే సామాను సీసా తేలకుండా పంపకూడదని నీకు తెలుసు."

"తెలుసు."

"నాకు చెప్పలేదు."

"మొదటి కోర్సంతా చెప్పాను. రోజూ చెప్పాను. మీరే వద్దన్నారు."

నిజమే. మొదట్లో అతను డ్యూటీ నుంచి వచ్చి, అలవాటు కొద్దీ మోచేతుల దాకా చేతులు కడుక్కుంటూ ఉంటే, ఆమె పక్కన నిలబడి ఆ రోజు చదివింది చెప్పేది. పెళ్ళికి ముందు పాలకేంద్రం ల్యాబులో మూడేళ్ళు పని చేసిన మనిషి. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ గాజు సీసాల గురించి, వేడి గురించి, కంటికి కనపడని వాటి గురించి చదువుతుంటే ఆమెకి ఆగేది కాదు. ఒక రోజు అతను తువాలుతో చేతులు తుడుచుకుంటూ, "నాకెందుకే ఇవన్నీ. పాసయ్యావా లేదా, అది చెప్పు చాలు," అన్నాడు. కోపంగా అనలేదు. అలిసిపోయి అన్నాడు.

ఆ రోజు నుంచి పాసయ్యానా లేదా, అదే చెప్పింది.

"నేను వద్దంటే మానేస్తావా?" అన్నాడు ఇప్పుడు.

"మానేశాను."

"ఈ ఒక్కటి చెప్పాలనిపించలేదా?"

"మీకు తెలిసే ఉంటుందనుకున్నాను. పద్నాలుగేళ్ళ నుంచి చేస్తున్నారు కదా."

"పద్నాలుగేళ్ళ నుంచి నేను పొట్లాలు కట్టాను. ఎప్పుడు పంపాలో పాత ఇన్‌ఛార్జి చెప్పేవాడు. పంపు అంటే పంపేవాణ్ణి." చేతులు చాపి వాటినే చూసుకున్నాడు. "పొట్లం పట్టుకుంటే లోపల తడుందో లేదో చెప్తాను. ఆ రోజు టేపు మీద గీతలు నల్లబడ్డాయి. వేడి సరిపోయింది. పైనుంచి ఫోను మీద ఫోను. మనిషి బల్ల మీద ఉన్నాడు, ఇంకా ఎంతసేపు అని. పంపాను."

"ఆ ఫోను చేసిన వాళ్ళకి కూడా తెలిసే ఉంటుంది కదా."

"వాళ్ళ సర్టిఫికెట్లు ఎవడడిగాడు? నావే అడుగుతున్నారు."

టీ మీద మీగడ కట్టింది.

"నువ్వు రాయకపోతే నేను ఇన్‌ఛార్జినే అయ్యేవాణ్ణి కాదు," అన్నాడు అతను. దెప్పుతున్నట్టు లేదు, మెచ్చుకుంటున్నట్టూ లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"రాయమంది మీరే కదండీ," అంది ఆమె కూడా అలాగే.

మధ్యాహ్నం భోజనాల వేళకి బావగారు వచ్చారు.

ఆయన వకీలు దగ్గర గుమస్తా. ముప్పై ఏళ్ళుగా పక్కవాళ్ళ తగాదాలకి అర్జీలు రాసి రాసి, ఇంట్లో మాట్లాడినా ఎదురుగా జడ్జి ఉన్నట్టు మాట్లాడతారు. వచ్చీ రాగానే ఉత్తరం అడిగి తీసుకున్నారు. నిలబడే చదివారు. కూర్చుని ఇంకోసారి చదివారు.

"గట్టిగా రాశారు," అన్నారు. "తెలియదనుటకు వీలులేదు. ఈ ముక్క రాసినవాడెవడో గానీ పనిమంతుడు. ఇక్కడే పట్టేశాడు."

"పెద్దాడా, వాడి ఉద్యోగం ఉంటుందా పోతుందా, అది చెప్పు," అంది అత్తగారు.

"తెలిసి చేసినట్టు తేలితే పోతుందమ్మా. ఆ డ్రైవరుకేమైనా అయితే ఉద్యోగంతో పోదు, పోలీసుల దాకా వెళ్తుంది." తమ్ముడి వైపు తిరిగారు. "ఒరేయ్, ఇది కోర్సులో ఉందా లేదా? లేదని చూపించగలిగితే సగం గండం గట్టెక్కినట్టే."

చిన్నాడు గోడకి జారబడి కూర్చున్నాడు. "ఉందట," అన్నాడు.

"ఉందట ఏమిట్రా. చదివింది నువ్వు కాదూ?"

వంటింట్లో కుళాయి కింద గిన్నెలో నీళ్ళు బొట్టు బొట్టుగా పడుతున్నాయి. చిన్నకోడలు వెళ్ళి కట్టేసి వచ్చింది.

"పరీక్షలు నేను రాయలేదన్నయ్యా," అన్నాడు చిన్నాడు.

బావగారు తమ్ముణ్ణి చూశారు. తర్వాత మరదలిని చూశారు. అడగాల్సింది ఇంకేమీ లేకపోయింది.

"మూడూనా?" అన్నారు చివరికి.

"మూడూను," అంది ఆమె.

"ముందు నుయ్యి, వెనక గొయ్యి," అన్నారాయన. లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చారు. ఆ తర్వాత ఆయన మాట్లాడినదంతా తమ్ముడితోనే. "రాశానంటావా, తెలిసి చేసినవాడివి. రాయలేదంటావా, మోసం చేసినవాడివి. రెండిట్లో దేంతోనైనా ఉద్యోగం పోతుంది." ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టారు. "మోసం నీది కాకపోతే మాత్రం, అది వేరే సంగతి."

"నాది కాకపోతే ఎవరిది?"

బావగారు జేబులోంచి పెన్ను తీశారు. "తాళాలు ఇచ్చి రావాలన్నారుగా. వెళ్ళి ఇచ్చిరా. నేను ఈలోగా కాగితం మీద పెడతాను," అన్నారు.

"నేను వెళ్ళను," అన్నాడు చిన్నాడు. "ఆ గది ముందు నిలబడి తాళాలు చేతిలో పెట్టడం నా వల్ల కాదు."

"నేను ఇచ్చొస్తాను," అంది చిన్నకోడలు.

ఆమె చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి బావగారు, "కాసేపాగి వచ్చినా పర్లేదమ్మాయ్," అన్నారు.

ఆస్పత్రి బస్సులో నాలుగు స్టాపుల దూరం. పాప పుట్టినప్పుడు వచ్చింది, అత్తగారి కళ్ళ ఆపరేషన్‌కి వచ్చింది. పరికరాల గది వైపు మాత్రం ఎప్పుడూ రాలేదు. నేలమాళిగలో, చాకలి సామాను పెట్టే గది దాటాక ఉంది. తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరో కొత్తమనిషి పొట్లాలు కడుతున్నాడు. ఆపరేషన్ థియేటర్ పెద్ద సిస్టర్ బల్ల దగ్గర నిలబడి, ముక్కు మీదకి జారిన కళ్ళజోడులోంచి రిజిస్టరు చూస్తోంది.

"తాళాలు తెచ్చానండి," అంది చిన్నకోడలు.

"ఎవరు నువ్వు?"

"మీ ఇన్‌ఛార్జి గారి భార్యని."

"ఆయన రాలేదా?"

"ఒంట్లో బాగాలేదు."

సిస్టర్ నమ్మలేదు, అలాగని తప్పూ పట్టలేదు. "లోపలికొచ్చి ఇచ్చి వెళ్ళు," అంది.

చిన్నకోడలు రెండడుగులు వేసి ఆగిపోయింది. నేల మీద ఎర్రగీత ఉంది. పూర్తిగా అరిగి, అక్కడక్కడ గచ్చు కనిపిస్తున్న గీత. దానికి ఇవతల మురికి వైపు, అవతల శుభ్రమైన వైపు. ఎనిమిది నెలల పాటు ఈ గదిని ఆమె ఫోన్లో బొమ్మగా చూసింది. ఏది ఎక్కడుండాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఇక్కడ అన్నీ కొంచెం చిన్నవిగా, కొంచెం పాతవిగా ఉన్నాయి గానీ, ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఆవిరి యంత్రం తలుపు ఆమె అనుకున్నదానికంటే బరువుగా కనిపించింది. ఏదో ఒకటి అనిపించాల్సింది. ఎదురుచూసింది. ఏమీ అనిపించలేదు.

"రమ్మంటే అక్కడే నిలబడ్డావేం?"

"బయటి చెప్పులండి."

సిస్టర్ రిజిస్టరు మూసింది. నెమ్మదిగా నడిచి వచ్చి, గీతకి అటువైపు నిలబడింది.

"ఇరవై రెండేళ్ళ నుంచి చూస్తున్నాను. డాక్టర్లు దాటేస్తారు. కరెంటు పనివాళ్ళు దాటేస్తారు. ఆ గీత రంగు కోసమని వేశారనుకుంటారు అందరూ. ఎవరూ చెప్పకుండా ఆగిన మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను."

చిన్నకోడలు తాళాలు అందించింది. సిస్టర్ తీసుకుని లెక్కపెట్టలేదు.

ఇక వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోకుండా అడిగింది: "ఆ రోజు పోల్చడానికి ఇంకో సీసా పెట్టారాండి? యంత్రంలో పెట్టకుండా ఉంచేది?"

"పెట్టారు."

"అది కూడా పసుపైందా?"

"అయింది. అది కావాల్సిందేగా."

"అయితే సీసాల్లో లోపం లేదన్నమాట." తనలో తను అనుకున్నట్టు అంది. "యంత్రాన్ని మళ్ళీ పరీక్ష చేశారా? వరసగా మూడుసార్లు ఖాళీగా నడిపి చూడాలి కదా. ఆ రోజు అందులో పెట్టిన మిగతా పొట్లాలన్నీ వెనక్కి తెప్పించారా?"

పొట్లాలు కడుతున్న మనిషి చేతులాగిపోయాయి. సిస్టర్ అతని వైపు చూసి, "నువ్వు వెళ్ళి టీ తాగిరా," అంది. అతను వెళ్ళేదాకా ఆగింది.

"ఇవన్నీ నీకెవరు చెప్పారు?"

"మా ఆయన."

"మొన్న ఇదే గదిలో మీ ఆయన్ని నేను నాలుగు ప్రశ్నలడిగాను. ఒక్కదానికీ నోరు విప్పలేదు. భయపడ్డాడేమో అనుకున్నాను." కళ్ళజోడు పైకి తోసుకుంది. "మంచి పనివాడు. వాడి చేతిలోంచి వచ్చిన పెట్టెలో ఒక్క కత్తెర తక్కువైన రోజు లేదు. కాగితం ఉంటేనే ఇన్‌ఛార్జి అని రూలు పెట్టిన కమిటీలో నేనూ ఉన్నాను. పని నేర్చుకుంటారని పెట్టాం."

చిన్నకోడలు నేల వైపు చూసింది.

"నీ పేరు మీద ఏమైనా ఉందా?" అంది సిస్టర్.

"ఏమిటండి?"

"సర్టిఫికెట్టు."

"లేదండి."

"ఎందుకు లేదు?"

"నా పేరు మీద ఎవరడిగారండి?"

అది ఎత్తిపొడుపు కాదు. నిజంగానే ఎవరడిగారో గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించి, దొరక్క అన్న మాట. సిస్టర్‌కి అది అర్థమైనట్టే ఉంది.

"రేపు కమిటీలో నేనుంటాను," అంది. "నన్నడిగితే ఇవాళ విన్నది చెప్తాను. అడక్కపోతే నా అంతట నేను ఎత్తను. మీరు ఏం చెప్పుకుంటారో ఇంట్లో తేల్చుకుని రండి. డ్రైవరు భార్య పైన వరండాలో కూర్చుని ఉంది. వెళ్ళేటప్పుడు ఆ మెట్ల మీదుగా వెళ్ళకు."

చిన్నకోడలు ఆ మెట్ల మీదుగానే వెళ్ళింది.

వరండాలో బల్ల మీద ఒక మనిషి చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా నిలబడిన చిన్నకోడలిని చూసి, చోటు కోసం అనుకుని, కొంచెం జరిగింది.

"కూర్చోండి," అంది. "మీవాళ్ళెవరు?"

చిన్నకోడలు కూర్చుంది.

"మాది కింద గది," అంది.

ఆమెకి అర్థం కాలేదు. అర్థం కాకపోయినా తలూపింది. "మా ఆయన పొద్దున రెండు ముద్దలు తిన్నాడు," అంది. "నిన్నటి మీద నయమే."

ఇద్దరూ కాసేపు ఎదురుగోడ చూస్తూ కూర్చున్నారు. తర్వాత చిన్నకోడలు లేచి వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. పాప వీధిలో ఆడుకుంటోంది. ముందుగదిలో బావగారు బల్ల ముందు కూర్చుని ఉన్నారు. చిన్నాడు గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, చొక్కా మార్చుకున్నాడు. ఎవరో చెప్తే మార్చుకున్నట్టుంది. అత్తగారు మంచం మీద కూర్చుని కాళ్ళు రాసుకుంటోంది.

"రామ్మా. ఇది ఒకసారి చదువుకో," అన్నారు బావగారు. మధ్యాహ్నానికీ ఇప్పటికీ గొంతు మారింది. మెత్తగా ఉంది.

తెల్లకాగితం. అందమైన చేతిరాత. కింద ఆమె సంతకానికి చోటు వదిలారు.

ఆమె నిలబడే చదివింది. భర్త డ్యూటీ మీద ఉన్న వేళల్లో, అతని ఫోను నంబరుతో, కుటుంబానికి మేలు జరుగుతుందన్న అజ్ఞానంతో, "ఈ మూడు పరీక్షలూ నా భర్తకు తెలియకుండా నేనే రాశాను," అని ఉంది. సర్టిఫికెట్లు వచ్చాక, అనుభవం చూసి ఊరికే ఇచ్చారని భర్తకి తానే చెప్పి నమ్మించానని ఉంది. క్షమించమని ఉంది.

"కోర్సు పేరు తప్పు రాశారు బావగారూ," అంది.

"దిద్దుకుందాం. మిగతాది ఎలా ఉంది?"

ఆమె మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"ఇది పెడితే వాడు తెలియనివాడవుతాడు," అన్నారాయన. "తెలియనివాణ్ణి ఇన్‌ఛార్జిని చేసింది ఆస్పత్రి. తప్పు వాళ్ళ మీదకి కూడా పోతుంది కాబట్టి, మందలించి పాత పనిలోకి దింపేస్తారు. ఉద్యోగం ఉంటుంది."

"నాకు?"

"నీకేముందమ్మా పోవడానికి. నీకు ఉద్యోగం లేదుగా."

ఆయన చెడ్డగా అనలేదు. లెక్క సరిపోయినందుకు ఊరటగా అన్నారు. చిన్నకోడలు ఆ మాటని లోపల అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడ పట్టుకున్నా ఒకేలా ఉంది. అందులో అబద్ధం కూడా ఏమీ లేదు.

ఆమె భర్త వైపు తిరిగింది.

"మీకు తెలియదా?" అంది.

చిన్నాడు బల్ల వైపు చూస్తున్నాడు.

"అది రాతకోతల భాష. దాన్ని పట్టించుకోకు," అన్నారు బావగారు.

"మిమ్మల్ని కాదండీ. ఆయన్ని అడిగాను."

"వాడికెందుకు తెలియదు," అంది అత్తగారు మంచం మీద నుంచి. అందరూ అటు తిరిగారు. ఆమె కాళ్ళు రాసుకోవడం ఆపలేదు. "పరీక్ష రోజు ఫోను ముందు కూర్చుని ముఖం చూపించింది వాడే. ఫోటో తీశాక లేచి దానికి చోటిచ్చాడు. మూడుసార్లూ నేను ఇక్కడే ఉన్నాను. చప్పుడు కాకూడదని నా చేత టీవీ కట్టించింది కూడా వాడే."

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో."

"ఊరుకుంటాను. అడిగింది కాబట్టి చెప్పాను."

"అమ్మా, నీ కొడుకు ఉద్యోగం గురించి మాట్లాడుతున్నాం మనం."

"కొడుకు గురించే నేనూ చెప్పింది," అంది అత్తగారు.

వీధిలో పిల్లలు ఎవరినో అవుట్ అంటున్నారు, ఆ ఎవరో కాదంటున్నారు. బావగారు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశారు.

"చూడమ్మాయ్. పంతాలకి పోయే వేళ కాదు."

"పంతం లేదండి." నిజంగానే లేదు. ఉంటే బాగుండేదేమో. "సంతకం పెడతాను. రాసింది నేనే కదా. ఆ తెలియకుండా అన్న మాట ఒక్కటీ తీసెయ్యండి. నమ్మించానన్న ముక్కా తీసెయ్యండి."

"అవి తీసేస్తే ఇంక ఈ కాగితం దేనికి?"

"నాకు తెలియదండి."

బావగారు కుర్చీ వెనక్కి జరిపి లేచారు. "మీ ఇష్టం. నేను చెయ్యగలిగింది చేశాను," అన్నారు. గుమ్మం దాకా వెళ్ళారు గానీ చెప్పులు వేసుకోలేదు. అక్కడే నిలబడి తమ్ముణ్ణి చూస్తున్నారు.

చిన్నాడు బల్ల దగ్గరకొచ్చి అన్నగారి కుర్చీలో కూర్చున్నాడు. కాగితం తనవైపు తిప్పుకున్నాడు. పెన్ను తీసుకుని, నమ్మించానన్న వాక్యం మొత్తం కొట్టేశాడు. పైకి వెళ్ళి, తెలియకుండా అన్న మాట కొట్టేశాడు. ఒక గీతతో ఆగలేదు. అక్షరాలు కనపడనంత వరకు కొట్టాడు.

"ఒరేయ్," అన్నారు బావగారు గుమ్మంలోంచి.

చిన్నాడు వినిపించుకోలేదు. మిగిలింది చదువుకున్నాడు. ఈ మూడు పరీక్షలూ నా భర్తకు, నేనే రాశాను. మధ్యలో నల్లటి మచ్చ. వాక్యం అక్కడ విరిగిపోయి ఉంది. ఆ మచ్చ పైన ఏదో ఒక మాట రాస్తే తప్ప నిలబడదు. అతను పెన్ను అక్కడ పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

తర్వాత, ఎనిమిది నెలలు అలవాటైన చెయ్యి కదిలినంత తేలిగ్గా, కాగితాన్ని, పెన్నునీ ఆమె ముందుకి జరిపాడు.

"ఏం రాయాలో నువ్వు రాసెయ్," అన్నాడు.

ఆమె పెన్ను వైపు చూసింది. రాయాల్సిన మాట ఆమెకి తెలుసు. కొట్టేసినదానికి ఎదురైన చిన్న మాట. రెండు క్షణాలు పట్టదు. చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్ళడం చూసుకుంది. బల్ల అంచు దగ్గర ఆ చేతిని ఆపింది.

రెండు వేళ్ళతో పెన్నుని అతని వైపే తోసింది.

"ఈ ఒక్కటీ మీరు రాయండి," అంది.